అలక పాన్పు నుంచి సమ్మె శిబిరం దాకా

మా నాయనమ్మకి కోపం వస్తే గొంతు పెద్దది చేసేది కాదు. తెల్లారగట్ల లేచి, స్నానం చేసి, వంటింటి వైపు కన్నెత్తి చూడకుండా, తిన్నగా పెరట్లోకి వెళ్ళి తులసికోట ఎదురుగా చాప వేసుకుని కూర్చునేది. ఆ పూట పొయ్యిలో పిల్లి లేచేది కాదు. ఎనిమిదింటికి పిల్లలు ఏడుపు మొదలెట్టేవారు. తొమ్మిదింటికి తాతయ్య రెండుసార్లు దగ్గి, మూడోసారి గోడతో మాట్లాడుతున్నట్టు "ఇంతకీ ఏమిటిట?" అనేవారు. పదింటికల్లా సంధి కుదిరేది. పురిటికొచ్చిన ఆడపిల్లకి పెట్టే చీర కావచ్చు, పుట్టింటి పెళ్ళికి ప్రయాణం కావచ్చు, ఆవిడ అడిగినదాంట్లో సగమో ముప్పాతికో దక్కేది. మళ్ళీ పొయ్యి రాజుకునేది.

చూడబోతే మన ఆడవాళ్ళకి సమ్మె చేయడం ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు. రామాయణంలో కైకమ్మకి ప్రత్యేకంగా అలకటిల్లే వుంది. సత్యభామ అలిగిందంటే స్వర్గం నుంచి పారిజాతం చెట్టు కదిలి రావలసి వచ్చింది. అయితే అలకలో ఒక చిక్కుంది. అలిగేవాళ్ళకి బతిమాలేవాళ్ళు వుండాలి. దశరథుడూ, కృష్ణుడూ, మా తాతయ్యా బతిమాలారు కనక చెల్లింది. నువ్వు పోతే నీ తాతలాంటివాళ్ళు గుమ్మంలో పదిమంది నిలబడి వున్నారనే చోట ఒంటరిగా అలిగితే మిగిలేది పస్తు ఒక్కటే. అక్కడ పదిమందీ కలిసి అలగాలి. దాన్నే సమ్మె అంటున్నాం.

ఈ ఆలోచన నాకు పుస్తకాలు చదివి వచ్చింది కాదు. 2023 డిసెంబరులో మా ఇంట్లో అంట్లు తోమే అమ్మాయి ఒకరోజు పొద్దున్నే మూడేళ్ళ మనవరాలిని చంకనేసుకుని వచ్చింది. "అంగన్‌వాడీ తాళం వేసుందమ్మగారూ. టీచర్లు సమ్మె కట్టారు. పిల్లని ఎక్కడ దింపను?" అంది. ఆ పిల్ల మా వంటింటి గుమ్మంలో కూర్చుని, నా గరిటెలన్నీ నేలమీద వరసపెట్టింది. ఒకరోజు, రెండురోజులు, వారం. నాకు విసుగొచ్చింది. "పసిపిల్లల తిండి ఆపి సమ్మెలేమిటి? వాళ్ళకి మనసెలా ఒప్పింది?" అన్నాను. ఆ అమ్మాయి గిన్నె తోముతూనే, తలెత్తకుండా, "వాళ్ళకీ పిల్లలున్నారు కదమ్మా" అంది.

అంతే. ఇంకేమీ అనలేదు. కానీ ఆ మాట నన్ను వదిలిపెట్టలేదు.

పసివాళ్ళకి గుడ్డూ, పాలూ ఇచ్చి, బాలింతలకీ చూలింతలకీ పోషకాహారం అందించి, బరువులు తూచి, లెక్కలు రాసి, ఫోనులో ఫోటోలు పంపి, ఇంకా ప్రభుత్వం వారు ఏ సర్వే చెయ్యమంటే అది చేసే ఆ టీచరుకి అప్పట్లో మన ఆంధ్రప్రదేశ్‌లో నెలకు ఇచ్చేది 11,500 రూపాయలు. ఆయాకి 7,000. దానిని జీతమనరు. "గౌరవ వేతనం" అంటారు. 1975 అక్టోబరు 2న ఈ పథకం మొదలైనప్పటి నుంచీ అదే పేరు. జీతమంటే ఉద్యోగి అవుతుంది, ఉద్యోగి అయితే హక్కులుంటాయి. గౌరవానికేముంది, ఎంతైనా ఇవ్వొచ్చు!

డిసెంబరు 12న మొదలైన ఆ సమ్మె 42 రోజులు నడిచింది. సచివాలయాల సిబ్బందిని పంపి కేంద్రాల తాళాలు పగలగొట్టించారు. జనవరి 6న అత్యవసర సేవల చట్టం, అదే ఎస్మా, ప్రయోగించారు. సంక్రాంతి పండుగ శిబిరాల్లోనే గడిచింది. ఆఖరికి వాళ్ళడిగిన 26,000 రాలేదు. నెల జీతం అప్పటికప్పుడు పెరగనూ లేదు. కానీ రిటైరయ్యేటప్పుడు టీచరుకిచ్చే 50,000ని 1,20,000 చేస్తామన్నారు, మరికొన్ని కోరికలు ఒప్పుకున్నారు. నాకు ఆశ్చర్యం కలిగించింది ఆ లెక్క కాదు. గ్రామాల్లో పుట్టి, గ్రామాల్లోనే పనిచేసే అంతమంది ఆడవాళ్ళు 42 రోజులు ఒకే మాట మీద ఎలా నిలబడ్డారా అని. ఆ కుతూహలంతో వెనక్కి వెళ్ళి చదవడం మొదలుపెట్టాను. అక్కడ నాకొక తెలిసిన మొహం ఎదురైంది.

అనీబిసెంటు. హోంరూలు ఉద్యమం నడిపిన బిసెంటమ్మ మనందరికీ పాఠాల్లో పరిచయమే. 1915లో మదనపల్లెలో కాలేజీ పెట్టిందీ ఆవిడే. 1919లో రవీంద్రులు అక్కడికి వచ్చి వున్నప్పుడే జనగణమన గీతానికి ఇంగ్లీషు అనువాదం చేశారని గొప్పగా చెప్పుకుంటాం. ఆ బిసెంటమ్మ మన దేశం రాకముందు, 1888లో, లండనులో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ అమ్మాయిల గురించి తన పత్రికలో ఒక వ్యాసం రాసింది. అది బ్రయంట్ అండ్ మే వారి ఫ్యాక్టరీ. అందులో పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లల దగ్గర్నుంచి పడుచుల దాకా. వారానికి చేతికొచ్చేవి కొద్దిపాటి షిల్లింగులు. అందులోనూ మాట్లాడితే జరిమానా, పుల్లలు కింద పడితే జరిమానా, ఆలస్యమైతే జరిమానా. అన్నింటికన్నా ఘోరం తెల్ల భాస్వరం. తినడానికి వేరే గది లేక, ఆ భాస్వరం మధ్యనే కూర్చుని రొట్టె తినేవారు. అది ఒంట్లో చేరి దవడ ఎముక కుళ్ళిపోయేది.

వ్యాసం అబద్ధమని సంతకాలు పెట్టమని యాజమాన్యం అమ్మాయిలని అడిగింది. వాళ్ళు పెట్టలేదు. ఒకమ్మాయిని పనిలోంచి తీసేశారు. అంతే, జులై మొదటివారంలో దాదాపు 1,400 మంది ఒక్కసారిగా బయటికి నడిచారు. తమాషా ఏమిటంటే బిసెంటమ్మ వాళ్ళని సమ్మె చెయ్యమని చెప్పనేలేదు. కంపెనీ అగ్గిపెట్టెలు కొనొద్దని జనానికి చెప్పాలన్నదే ఆవిడ ఆలోచన. వాళ్ళంతట వాళ్ళు బయటికి వచ్చాక ఆవిడ పరుగున వెళ్ళి చందాలు పోగుచేసింది, పార్లమెంటు సభ్యుల దగ్గరికి తీసుకెళ్ళింది. రెండు వారాలు తిరక్కుండానే జరిమానాలు పోయాయి. భోజనానికి వేరే గది వచ్చింది. మరుసటి ఏడాది లండను రేవు కూలీలు చేసిన పెద్ద సమ్మెకి ధైర్యమిచ్చింది ఈ అగ్గిపెట్టెల పిల్లలేనని చరిత్రకారులు అంటారు. ఆ కూలీల్లో చాలామంది వాళ్ళ అన్నలూ, నాన్నలే మరి!

ఆ నిప్పు మన దాకా కూడా వచ్చింది. బిసెంటమ్మ దగ్గర ఆవిడ పత్రికలో పనిచేసిన బి.పి. వాడియా అనే పార్సీ యువకుడు 1918 ఏప్రిల్ 27న మద్రాసులో మద్రాస్ లేబర్ యూనియన్ స్థాపించాడు. పెరంబూరు బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లుల కూలీల కష్టాలు ఆయన దగ్గరికి మోసుకొచ్చింది సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు అనే ఇద్దరు. వాళ్ళు చెప్పుకున్న మొదటి బాధల్లో ఒకటి ఏమిటో తెలుసా? మధ్యాహ్నం అన్నం తినడానికి ఇచ్చే టైము చాలటం లేదని. కాళ్ళూ చేతులూ కడుక్కుని, వరసలో నిలబడి, నాలుగు ముద్దలు తినేలోపు గంట కొట్టేస్తారట. లండనులో అన్నానికి గది, మద్రాసులో అన్నానికి టైము. విప్లవాలని మనం పెద్ద పెద్ద మాటలతో చెప్పుకుంటాం కానీ, మొదలంతా కంచం దగ్గరే.

మిల్లు వారు వాడియా మీద కోర్టుకెళ్ళారు. కూలీల చేత కాంట్రాక్టు తప్పించాడని భారీ నష్టపరిహారం కట్టమని తీర్పొచ్చింది. సంఘం పెట్టుకోవడం నేరం కాదని చెప్పే చట్టమే ఈ దేశంలో లేదని అప్పుడు అందరికీ తెలిసొచ్చింది. ఎన్.ఎం. జోషీ వంటివారు ఢిల్లీలో పట్టుబట్టాక 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. ఇది గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికి రావాలి.

అదే 1918లో అహమ్మదాబాదులో ఇంకొక కథ. ఇది అక్కాతమ్ముళ్ళ కథ. తమ్ముడు అంబాలాల్ సారాభాయి, మిల్లు యజమానుల పెద్ద. అక్క అనసూయా సారాభాయి. చిన్నప్పుడే పెళ్ళి చేస్తే ఆ కాపురం నిలవక పుట్టింటికి వచ్చేసింది. తమ్ముడే లండను పంపి చదివించాడు. తిరిగొచ్చాక ఒకరోజు ఇంటి బయట కూర్చుని వుంటే, కొంతమంది ఆడకూలీలు నిద్రలో నడుస్తున్నట్టు తూలుతూ వెళ్తున్నారట. ఏమమ్మా అని అడిగితే, 36 గంటలు ఏకబిగిన పనిచేసి వస్తున్నామన్నారట. ఆ రోజు నుంచి ఆవిడ జీవితం మారిపోయింది.

ప్లేగు రోజుల్లో ఇచ్చిన బోనసు ఆపేసరికి నేతపనివాళ్ళు 35 శాతం పెంపు అడిగారు. యజమానులు 20 శాతమే ఇస్తామన్నారు, ఫిబ్రవరి 22న మిల్లులు మూసేశారు. సబర్మతి ఒడ్డున తుమ్మచెట్టు కింద రోజూ సభ. ఒక పక్క గాంధీగారు, ఆయన పక్కన అనసూయ. యజమానుల పక్క ఆవిడ తమ్ముడు. పనివాళ్ళు ఆకలికి తట్టుకోలేక సడలుతున్నారని తెలిసి మార్చి 15న గాంధీగారు నిరాహారదీక్ష మొదలుపెట్టారు. మూడు రోజులకి రాజీ కుదిరింది. మధ్యవర్తి ఆనందశంకర్ ధ్రువ చివరికి 35 శాతమే ఇప్పించాడు. తమ్ముడి మిల్లు ఎదుట అక్క నిలబడ్డా ఆ ఇంట్లో బంధం తెగలేదు. పనివాళ్ళందరికీ ఆవిడ "మోటాబెన్", అంటే పెద్దక్క. రెండేళ్ళ తర్వాత, 1920లో, మజూర్ మహాజన్ పుట్టింది.

అనసూయాబెన్ 1972లో పోయింది. ఆ ఏడాదే మజూర్ మహాజన్‌లో లాయరుగా పనిచేసిన ఇలా భట్ "సేవ" అనే సంఘాన్ని పెట్టింది. తలమీద బట్టల మూటలు మోసేవాళ్ళూ, కూరగాయల బుట్టలవాళ్ళూ, ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టేవాళ్ళూ ఆవిడ సభ్యులు. రిజిస్ట్రారు గారికి ఒక సందేహం వచ్చిందట. "వీళ్ళకి యజమానే లేడు కదా, ఎవరి మీద కొట్లాడతారు?" అని. సంఘమంటే ఒకరి మీద కొట్లాటకే కాదు, తమలో తాము కలిసి నిలబడటానికి కూడా అని ఇలా భట్ వాదించి ఒప్పించింది. ఆ రిజిస్ట్రారు ప్రశ్న అర్ధ శతాబ్దం తర్వాత మళ్ళీ వచ్చింది, చెబుతాను.

ఇక్కడ ఒక్క క్షణం దూరదేశం వెళ్ళొద్దాం. ఐస్‌లాండ్ అని మంచుదేశం. 1975లో అక్కడి జనాభా మన జిల్లా కేంద్రాల్లో ఒకదానికి సరిపోయేంత, రెండు లక్షల పైచిలుకు. ఆ ఏడు అక్టోబరు 24న ఆ దేశపు ఆడవాళ్ళలో నూటికి తొంభైమంది పని మానేశారు. ఆఫీసు పనే కాదండోయ్, ఇంటి పని కూడా! వంట లేదు, పిల్లల్ని చూడటం లేదు. మొగుళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకుని ఆఫీసులకి వెళ్ళారు. పిల్లలకి తేలిగ్గా వండిపెట్టొచ్చని అందరూ ఎగబడేసరికి కొట్లలో సాసేజీలు నిండుకున్నాయట. నాకు బాగా నచ్చిన సంగతి మరొకటి. మొదట దీన్ని సమ్మె అనే అందామనుకున్నారు. ఆ మాట వింటే పెద్దవాళ్ళు బెదురుతారని "ఆడవాళ్ళ సెలవు రోజు" అని పేరు మార్చారు. సెలవే కదా అని ముసలమ్మలు కూడా వచ్చేశారు! మరుసటి ఏడాది సమాన హక్కుల చట్టం వచ్చింది. 1980లో విగ్దిస్ అనే ఒక ఆడది, పిల్లని ఒంటరిగా పెంచుకుంటున్న తల్లి, ఆ దేశాధ్యక్షురాలిగా ఎన్నికైంది.

మా నాయనమ్మ తులసికోట దగ్గర చేసిన పనే. కాకపోతే దేశం మొత్తం ఒకే రోజు.

అన్నీ గెలుపు కథలే చెబితే అబద్ధమవుతుంది. 1982 జనవరి 18న బొంబాయిలో దత్తా సామంత్ నాయకత్వంలో రెండున్నర లక్షలమంది బట్టల మిల్లు కార్మికులు సమ్మెకి దిగారు. మన తెలంగాణ పల్లెల నుంచి మగ్గాలు వదిలి వలసపోయిన పద్మశాలీలు కూడా ఆ మిల్లుల్లో వున్నారు. ఏడాది దాటింది. ఆ సమ్మె ముగిసిందని లాంఛనంగా ఎవరూ ప్రకటించనే లేదు. మిల్లులే ముగిసిపోయాయి. ఆ నేలల మీద ఇప్పుడు అద్దాల మేడలూ, మాల్సూ లేచాయి. మనం బొంబాయి వెళ్తే అక్కడే చీరలు కొనుక్కుంటాం.

ఆ మిల్లు కూలీలకి అన్నం పెట్టిన ఆడవాళ్ళ సంగతి ఎవరికీ పట్టదు. ఊళ్ళో పెళ్ళాన్ని వదిలి వచ్చిన మగవాళ్ళకి పరేల్ గదుల్లో నెలకింతని భోజనం పెట్టే "ఖానావళి" అమ్మలు వాళ్ళు. సమ్మె వస్తే కూలీ డబ్బివ్వడు, ఆకలి మాత్రం ఆగదు. అరువు పెట్టి పెట్టి వాళ్ళు వడ్డీవాళ్ళ పాలబడ్డారు. 1973 సమ్మెలో ఆ బాధ చూసిన ప్రేమా పురవ్ 1975లో వాళ్ళ కోసం అన్నపూర్ణా మహిళా మండల్ పెట్టి, బ్యాంకు అప్పులిప్పించింది. సమ్మె చేసేవాడి వెనక వండిపెట్టే మనిషి ఒకత్తి ఎప్పుడూ వుంటుంది. ఓడిపోయిన సమ్మె బరువు ఎక్కువభాగం పడేది ఆవిడ మీదే. నగలు తాకట్టుకెళ్ళేది ఆవిడవే.

బొంబాయి తర్వాత చాలా ఏళ్ళు సమ్మెలకి రోజులు చెల్లాయన్నారు. ఫ్యాక్టరీలు చెల్లాచెదురయ్యాయి, కాంట్రాక్టు పనులొచ్చాయి, యూనియను అంటే పిల్లలు నవ్వుకునే కాలమొచ్చింది. నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఈ పదిపదిహేనేళ్ళుగా చూస్తే ఆరిందనుకున్న కుంపట్లో నిప్పు రాజుకుంటూనే వుంది. విచిత్రం ఏమిటంటే ఊదుతున్న వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే.

2015 సెప్టెంబరులో కేరళలో మున్నారు తేయాకు తోటల్లో బోనసు 20 శాతం నుంచి 10కి తగ్గించారు. తరతరాలుగా అక్కడ ఆకు కోసే తమిళ ఆడకూలీలు రోడ్డెక్కారు. వాళ్ళు కోపగించుకుంది కంపెనీ మీద ఒక్కటే కాదు. ఏళ్ళ తరబడి తమ తరఫున మాట్లాడుతున్నామని చెప్పుకున్న మగ యూనియను నాయకుల్ని కూడా దగ్గరికి రావద్దన్నారు. "పెంబిళై ఒరుమై" అని, ఆడవాళ్ళ ఐకమత్యం అని పేరు పెట్టుకున్నారు. తొమ్మిది రోజుల్లో 20 శాతం వచ్చింది. 2016 ఏప్రిల్లో బెంగుళూరు బట్టల ఫ్యాక్టరీల అమ్మాయిలు వేలసంఖ్యలో రోడ్ల మీదికి వచ్చారు. యాభై ఎనిమిదేళ్ళు నిండేదాకా ప్రావిడెంట్ ఫండులో యజమాని వాటా తీసుకోకూడదని పెట్టిన నిబంధనని కేంద్రం రెండు రోజుల్లో వెనక్కి తీసుకుంది. పిల్ల పెళ్ళికో, చదువుకో దాచుకున్న ఆ డబ్బు విలువ మనలాంటి వాళ్ళకి వేరే చెప్పాలా?

2018లో అమెరికాలో వెస్ట్ వర్జీనియా అనే రాష్ట్రంలో బడిపంతుళ్ళు, అత్యధికులు ఆడవాళ్ళే, సమ్మె చేశారు. 55 కౌంటీల్లోనూ బళ్ళు మూతపడ్డాయి. నాయకులు గవర్నరుతో ఒప్పందం కుదిరిందన్నా, కాగితం మీదికి రానిదే వెళ్ళమని భీష్మించుకుని అయిదు శాతం పెంపు సాధించారు. నా మనసుకి తాకింది అది కాదు. బడిలో పెట్టే భోజనం మీదే ఆధారపడిన బీదపిల్లలు ఆ రాష్ట్రంలోనూ వున్నారు. సమ్మెకి ముందు ఆ టీచర్లు కూర్చుని పిల్లలకి భోజనాల పొట్లాలు కట్టారు. "పసిపిల్లల తిండి ఆపి సమ్మెలేమిటి" అని నేనడిగిన ప్రశ్న వాళ్ళు తమని తాము ముందే అడుగుకున్నారన్నమాట.

మన దగ్గరికే వస్తే, 2019లో దసరా ముందు అక్టోబరు 5న తెలంగాణ ఆర్టీసీ వాళ్ళు సమ్మెకి దిగారు. దాదాపు 48,000 మంది. పనికి రానివాళ్ళు తమంతట తామే ఉద్యోగం వదులుకున్నట్టేనని ముఖ్యమంత్రి అన్నారు. 52 రోజులు సాగింది. కొంతమంది ప్రాణాలు తీసుకున్నారు. కోరిన ముఖ్యమైన కోరిక తీరకుండానే సమ్మె విరమించారు. ఓడిపోయారనే అందరం అనుకున్నాం. కానీ మరో నాలుగేళ్ళకి, 2023లో, ఏ విలీనం కోసం వాళ్ళు కొట్లాడారో దానికే అసెంబ్లీలో బిల్లు పాసయింది. సమ్మె ఫలితాన్ని సమ్మె ముగిసిన రోజునే లెక్క కట్టకూడదని అప్పుడు అనిపించింది.

ఇంగ్లండులో 2022 డిసెంబరులో నర్సులు, వాళ్ళ సంఘం చరిత్రలో ఎన్నడూ లేని విధంగా, దేశవ్యాప్తంగా విధులు మానారు. వాళ్ళలో మన తెలుగమ్మాయిలూ, మలయాళీ అమ్మాయిలూ తక్కువేమీ లేరు. 2023 అక్టోబరు 24న ఐస్‌లాండ్ ఆడవాళ్ళు, 48 ఏళ్ళ తర్వాత, మళ్ళీ రోజంతా పని మానేశారు. ఈసారి ఆ దేశపు ప్రధానమంత్రి కూడా ఆడదే. ఆవిడా ఆ రోజు పనికి వెళ్ళలేదు!

ఇదంతా ఒక ఎత్తు. రాబోయే కాలం మరొక ఎత్తు. ఇప్పుడు యజమాని ఎవరో కనపడడు. ఫోనులో ఒక యాపు వుంటుంది. ఇంటికొచ్చి కనుబొమలు దిద్ది, జుట్టు కత్తిరించే అమ్మాయికి అదే పని చెబుతుంది, అదే కమిషను కోస్తుంది, మనం ఇచ్చే చుక్కలు తగ్గితే అదే పని ఆపేస్తుంది. 2021 అక్టోబరులో గురుగ్రామ్‌లో అలాంటి అమ్మాయిలు వందమంది దాకా కంపెనీ ఆఫీసు ముందు కూర్చున్నారు. కమిషను కొంత తగ్గించారు. రెండు నెలల తర్వాత మళ్ళీ కూర్చుంటే కంపెనీ వాళ్ళ మీదే దావా వేసింది. వాళ్ళు మా ఉద్యోగులు కారు, "భాగస్వాములు" అని యాపుల వాదన. గౌరవ వేతనం లాంటిదే ఇదీ, పేరు మాత్రం ఘనం. "యజమానే లేడు, ఎవరి మీద కొట్లాడతారు?" అన్న ఆ రిజిస్ట్రారు ప్రశ్న మళ్ళీ వచ్చింది చూశారా?

చట్టం సంగతి కూడా చెప్పాలి. 29 పాత కార్మిక చట్టాల్ని కలిపి చేసిన నాలుగు కోడ్‌లు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చాయి. వాడియా కేసు పుణ్యమా అని వచ్చిన 1926 చట్టం, నూరేళ్ళు నిండకముందే, వాటిలో కలిసిపోయింది. యాపుల మీద పనిచేసేవాళ్ళని చట్టం గుర్తించడం, వాళ్ళకి సామాజిక భద్రత అనే మాట రాయడం మంచిదే. కానీ సమ్మె చెయ్యాలంటే ఏ పరిశ్రమలోనైనా పద్నాలుగు రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సగంమందో అంతకన్నా ఎక్కువమందో కలిసి ఒకేరోజు సెలవు పెట్టినా అది సమ్మెకిందే లెక్క. ఐస్‌లాండ్ ముసలమ్మల ఉపాయం ఇక్కడ చెల్లదన్నమాట! ఉత్పత్తి ఆగకుండా ముందు జాగ్రత్త అని ప్రభుత్వం అంటుంది. చేతిలో వున్న ఒక్క ఆయుధానికీ తాళం అని సంఘాలు అంటున్నాయి. అలిగే ముందు పద్నాలుగు రోజుల నోటీసివ్వాలంటే మా నాయనమ్మ ఏమనేదో ఊహించుకుంటే నాకు నవ్వూ వస్తుంది, భయమూ వేస్తుంది.

ఇన్ని దేశాలు తిరిగి ఇంటికొచ్చి చూసుకుంటే, మన ఇంట్లో యజమాని ఎవరు? మనమే. 1980లో పుణెలో ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు, ఏ నాయకుడూ చెప్పకుండానే, జీతాల కోసం, సెలవుల కోసం పని మానేసి సంఘం పెట్టుకున్నారు. 2011లో ఇంటిపని కూడా పనేనని, దానికీ హక్కులుండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందం చేస్తే మన దేశం అనుకూలంగా ఓటేసి, ఆమోదముద్ర మాత్రం ఇప్పటికీ వెయ్యలేదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఇంటిపనివాళ్ళ కోసం చట్టం సంగతి ఆలోచించమని కేంద్రానికి చెప్పింది.

చట్టం వచ్చేదాకా మా అపార్ట్‌మెంటు ఆగలేదు. పోయిన ఏడాది మా ఇంటి అమ్మాయీ, మరో ముగ్గురూ కలిసి నెలకి నాలుగు రోజులు సెలవు కావాలన్నారు. జీతం కోయకుండా. కింద పార్కింగులో మా ఆడవాళ్ళందరం సమావేశమయ్యాం. "ఒకరు ఒప్పుకుంటే అందరికీ నేర్పినట్టవుతుంది, అంతా ఒకే మాట మీద వుండాలి" అని ఒకావిడ అన్నారు. అహమ్మదాబాదు మిల్లు యజమానులు కూడా సరిగ్గా ఇదే అని వుంటారనిపించింది. సంఘం వాళ్ళది కాదు, మాదే ముందు తయారైంది! నేను పైకి గట్టిగా ఏమీ అనలేకపోయాను. అది నిజం. అనసూయాబెన్ కథ చదివినంత మాత్రాన అనసూయాబెన్‌ని అయిపోతానా? ఇంటికొచ్చి మా అమ్మాయితో మాత్రం "నెలకి రెండు రోజులు తీసుకో" అన్నాను. "నాలుగడిగాం కదమ్మగారూ" అంది. "చూద్దాంలే" అన్నాను. మా తాతయ్యా అచ్చంగా అలాగే అనేవారు.

ఆ పిల్ల ఇప్పుడు బడికి వెళ్తోంది. గరిటెలు వరస పెట్టేవాళ్ళు లేరు. మొన్న ఆదివారం వాళ్ళ అమ్మమ్మ సెలవు. రాత్రి వచ్చిన చుట్టాల అంట్లన్నీ సింకు నిండా వున్నాయి. గంటన్నర నిలబడి తోముకునేసరికి నా నడుం పట్టేసింది. ఈ పని ఆవిడ రోజూ నాలుగిళ్ళల్లో చేస్తోంది కదా అనుకుంటూ, వంటింటి గోడకున్న కేలెండరులో మిగతా రెండు ఆదివారాలకి కూడా పెన్సిలుతో సున్నా చుట్టాను. మావారు చూసి, "ఏమిటివి, ఏకాదశులా?" అన్నారు.

"కాదు, సెలవులు" అన్నాను. "ఆ రోజుల్లో అంట్లు సగం మీవి."